ఆవకాయ జాడీలో మరమ్మతు

ఆవకాయ జాడీతో తాను తయారుచేసిన లౌడ్‌స్పీకరులోకి మరమ్మతు పనిమీద వెళుతున్న పేర్రాజు కోసం, భార్య వరహాలమ్మ సంచి సర్దింది. రెండు లుంగీలు, టంకం వేసే కడ్డీ, కళ్లజోడు, అటుకులు. పచ్చడి పెట్టలేదు. అది లోపల ఎలాగూ ఉంటుంది.

కుళాయి నీళ్లు వస్తున్న కబురును ఏ వీధివారు ఆ వీధిలో సొంతంగా చేసుకున్న స్పీకరులోనే వినాలని మున్సిపాలిటీవారు నిర్ణయించినప్పటినుంచి, ఊళ్లో ఇలాంటి ప్రయాణాలు మామూలే. ట్యాంకు దగ్గరనుంచి తీగ వస్తుంది, పెట్టె మాత్రం వీధిది. కుమ్మరివీధివారు ఇడ్లీపాత్రతో చేశారు. అందులో ఏ ప్రకటనైనా ఆవిరి పట్టాకే బయటికొచ్చేది. కోటవీధివారు కొత్త కమోడ్‌తో చేశారు. గొంతు గంభీరంగా పలికింది గాని, దాని పక్కన పట్టిన నీళ్లు ఎవరూ తాగలేదు.

పేర్రాజు మోటార్లకు తీగ చుట్టే పనివాడు. అత్తగారి జాడీ మూతికి స్పీకరు బిగించి, చుట్టూ లప్పం పెట్టి, అడుగున గాలి కన్నం వేశాడు. ప్రకటన మొదలవగానే వీధంతా నోరూరేది. ఒకటే లోపం, ప్రతి మాట చివరా గరగర.

కొన్న పెట్టెను బయటనుంచి బాగుచేయవచ్చు, దానికి వెనక మరలుంటాయి. ఇంట్లో చేసినదానికి ఉండవు కనుక, చేసినవాడే లోపలికి వెళ్లాలి. పడతాడా అన్న అనుమానం ఎవరికీ రాదు. తన చేత్తో చేసినదాంట్లో మనిషి పట్టకపోవడం ఆ ఊళ్లో ఇంతవరకూ జరగలేదు.

“పనవ్వగానే లోపల్నుంచి కొడతాను. స్పీకరు ఊడదీసెయ్,” అన్నాడు పేర్రాజు, నడుందాకా జాడీలోకి దిగి.

“ఎన్నాళ్లవుద్దండీ?”

“గరగరే కదే! సాయంత్రం కాఫీకి ఉంటాను.”

అతని తల కూడా దిగాక వరహాలమ్మ స్పీకరు బిగించి, నియమం ప్రకారం మళ్లీ లప్పం పెట్టింది.

కాఫీ వేళకు గరగర పోయింది. టక్ టక్ మొదలైంది. వరహాలమ్మ పొయ్యిమీద పాలు అలాగే వదిలి, లప్పం గీకే చాకు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఎదురింటి కాంతామణి అడ్డంగా నిలబడింది.

“ఆగండి పిన్నిగారూ! ఇప్పుడిప్పుడే గొంతు తేటపడింది. ఎల్లుండి మా అమ్మాయి సీమంతం. నీళ్ల కబురు తెలీకపోతే బిందెలు మీరు మోస్తారా?”

“ఆయన కొడుతున్నారే!”

“కొట్టనివ్వండి. తాళం వేసినట్టుంది, వినసొంపుగా.”

వాడుకలో ఉన్న స్పీకరు తెరవాలంటే మున్సిపాలిటీ శబ్ద పరిశీలకుడి అనుమతి కావాలి. వరహాలమ్మ ఆఫీసుకీ జాడీకీ మధ్య తిరిగింది. ఎక్కడా కూర్చోలేకపోయింది. చివరికి పరిశీలకుడు దక్షిణామూర్తి వచ్చి జాడీకి చెవి ఆనించాడు.

“లోపల ఏదో కదుల్తోందమ్మా.”

“ఏదో కాదు బాబూ, మా ఆయన.”

“మరమ్మతుకి వెళ్లింది ఆయనే కదా? చప్పుడొస్తోందంటే పని ఇంకా అవ్వలేదన్నమాట. పని మధ్యలో తెరవకూడదు. చప్పుడు ఆగనివ్వండి, నేనే దగ్గరుండి తెరిపిస్తాను.”

“అదెలా ఆగుద్ది?”

“దూది కూరండి. ఏ పెట్టెకైనా అదే మందు.”

ఇది వరహాలమ్మకు సబబుగానే తోచింది. ఆయన బయటికి రావాలంటే చప్పుడు ఆగాలి. పేర్రాజు పరుపు విప్పి, దూది గుప్పెడు గుప్పెడుగా గాలి కన్నంలోంచి లోపలికి తోసింది.

“మీ పరుపులోదేనండీ. కాస్త ఓర్చుకోండి,” అని కన్నం దగ్గర నోరు పెట్టి చెప్పింది.

లోపలనుంచి మెత్తగా ఒక దెబ్బ వినబడింది. ఆమె చెయ్యి ఆగింది. చప్పుడు ఆగితే తెరుస్తారు కదా అనుకుని, మిగిలిన దూది కూడా తోసింది.

దక్షిణామూర్తి మళ్లీ వచ్చి విన్నాడు. “భేష్! ఇంత శుభ్రంగా పలికే పెట్టె ఊళ్లో ఇంకోటి లేదు.”

“తెరవండి మరి.”

“ఎందుకమ్మా? మరమ్మతు అయిపోయింది. బాగున్న పెట్టె తెరవడానికి నియమం లేదు. ఏదైనా చప్పుడొస్తే కబురు చెయ్యండి, చూద్దాం.”

వరహాలమ్మ రోజూ జాడీకి చెవి ఆనించి కూర్చుంటుంది. నీళ్లొస్తున్నాయని జాడీ పలకగానే లేచి బిందె తీసుకుంటుంది. లేవకపోతే వరస పోతుంది.

ఆ తర్వాత, వీధి రెండో చివరకు వినబడడం లేదని కాంతామణి భర్త సోమలింగం పాత కూలరుతో ఇంకో స్పీకరు చేశాడు. అందులో ఈల వస్తోంది. కాంతామణి సంచి సర్దుతూ అడిగింది:

“ఎంతసేపట్లో వచ్చేస్తారు పిన్నిగారూ?”

“సాయంత్రం కాఫీకి,” అంది వరహాలమ్మ. లుంగీలు తనే మడిచి ఇచ్చింది. “మీ ఆయన పరుపు మాత్రం ఎండలో వేసి ఉంచమ్మా. తడిసిన దూది కన్నంలో దూరదు.”

పేర్రాజు శ్రావణమాసం రెండో మంగళవారం పొద్దున జాడీలోకి వెళ్లాడు, తిరిగి రాలేదు. సోమలింగం కార్తీక పౌర్ణమి మర్నాడు కూలరులోకి వెళ్లాడు. అతనూ రాలేదు.