రెండో రోజు సాయంత్రం ఆరు గంటలు

మా హాల్లో అంత మెత్తటి సోఫా ఉండగా, మీరొచ్చినప్పుడల్లా నేను ఈ గోడకే ఆనుకుని ఎందుకు నిలబడతానని అడుగుతుంటారు. నడుం నొప్పి అని చెబుతూ వచ్చాను. నా నడుం భేషుగ్గా ఉంది. అసలు సంగతి ఇవాళ చెప్పేస్తాను. మా ఆవిడ వంటింట్లోంచి టీ తెచ్చేలోపు ముగించాలి, మధ్యలో అడ్డు రాకండి.

మా ఆవిడకి టార్పాలిన్లు కుట్టే దుకాణం ఉందని మీకు తెలుసు. రెండేళ్ల కిందట ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. "ఇంట్లో మెట్లు ఎక్కగలిగితే అదే పదివేలు" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఆసుపత్రి కిటికీలోంచి దూరంగా కనిపిస్తున్న కొండల వరస చూపించి, "నేను వీటిని ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తానండీ. మీరూ వస్తారా?" అంది.

కాలికి కట్టుతో పడుకున్న మనిషి అడిగితే కాదంటామా? "ఓ, తప్పకుండా" అన్నాను. జరగని పనులకి మాటివ్వడంలో నాది అందెవేసిన చెయ్యి.

జరిగింది. ఏడాది పాటు రోజూ పొద్దున్నే వీపుకి ఇసక సంచి కట్టుకుని స్టేషను వంతెన ఎక్కి దిగింది. మొదట్లో ఏడుస్తూ దిగేది. తర్వాత నవ్వుతూ దిగడం మొదలుపెట్టింది, అప్పుడు ఏడుపు నాకు వచ్చింది. లారీ టార్పాలిన్ల ముక్కలతో డేరా కూడా తనే కుట్టింది. నారింజ రంగు. మా వీధి చివర నుంచి చూసినా కళ్లు చెదిరాయి.

"ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు," అంది మ్యాపు నేల మీద పరిచి. "దారిలో ఊళ్లుండవు."

"ఫోను?"

"అందదు."

"బాత్‌రూము?"

"ఎటు చూస్తే అటు."

నేను బస్సు డిపోలో టైంకీపర్ని. ఇరవై ఎనిమిదేళ్లుగా కుర్చీలో కూర్చుని బస్సుల్ని కొండలెక్కించానే తప్ప నేనెప్పుడూ ఎక్కలేదు. పాములు, పిడుగులు, లోయలు, మా ఆవిడ మోకాలు, నా ఆయాసం, అన్నీ కలిసి వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఇలాంటి నడకలకి ఒక పద్ధతి ఉందట. ఏ దారిన వెళ్తున్నాం, ఎక్కడెక్కడ పడుకుంటాం, దిగాక ఏ రోజు ఎన్ని గంటలకి ఫోన్ చేస్తాం అని కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్లాలి. ఆ వేళకి ఫోన్ రాకపోతే వాళ్లు వెతుకులాట దళానికి కబురు చేస్తారు. దళానికి హెలికాప్టర్ ఉంది.

హెలికాప్టర్ అనగానే నా బుర్రలో దీపం వెలిగింది.

"కాగితం మీరే రాయండి, టైములు రాయడం మీ పనేగా," అంది మా ఆవిడ. "అమ్మకిచ్చి వెళ్దాం."

మా అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరైన మనిషి. చాటుగా నేను ఆవిణ్ణి 'ట్రంకాలమ్మ' అంటాను. ఆరంటే ఆరే, ఆరూ ఒకటి కాదు. నాకు కావలసిందీ అదే. డిపో పుస్తకం తెచ్చి, ఎక్కడ ఎన్నింటికి బయలుదేరేదీ నిమిషాలతో సహా రాసి, చివర్న "ఐదో రోజు సాయంత్రం ఐదు" అని ఉండవలసిన చోట "రెండో రోజు సాయంత్రం ఆరు" అని రాశాను. కాగితం చింపి, మడిచి, మా ఆవిడ చూడకుండా ట్రంకాలమ్మ చేతిలో పెట్టాను.

మూడో రోజు పొద్దున్నే హెలికాప్టర్ వస్తుంది, మర్యాదగా కూర్చోబెట్టుకుని దింపుతుంది. "అయ్యో, అత్తయ్య కంగారు పడ్డట్టున్నారు" అంటాను. మాట తప్పినట్టూ ఉండదు, నడిచినట్టూ ఉండదు.

మొదటి రోజు నేను నడిచిన తీరు చెప్పుకోకపోవడమే మంచిది. వంద అడుగులకోసారి చెప్పులో రాయి తీసే మిషతో కూర్చున్నాను.

"ఏమండీ, మీరు వేసుకున్నది బూట్లు. అందులోకి అన్ని రాళ్లు ఎలా వస్తున్నాయి?"

"ఈ కొండల్లో అంతేనట."

ఆ సాయంత్రం డేరా వేశాక మా ఆవిడ గడ్డిలో కాళ్లు చాపుకుని మోకాలు నిమురుకుంటూ కూర్చుంది. ఎదురుగా కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా ఉన్నాయి. "ఆపరేషన్ అయిన రోజు ఇక నా పని అయిపోయిందనుకున్నానండీ," అంది. "ఎవరికీ చెప్పలేదు. మీరు తప్పకుండా అన్నారే, ఆ ఒక్క మాట పట్టుకుని లేచాను."

నా నోట్లో బిస్కెట్ నోట్లోనే ఉండిపోయింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఆమె ఏడాది కష్టాన్ని నేను రేపు సాయంత్రం ఆరింటికి మట్టిలో కలపబోతున్నాను. బయట ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడుతూ ఫోను దీపం వెలిగించుకుని పడుకున్నాను.

రెండో రోజు లేస్తూనే మ్యాపు చూశాను. సిగ్నల్ దొరికితే గిరికితే పెద్ద కనుమ మీదే దొరకాలి. ఆరులోపు అక్కడికి చేరి అత్తగారిని ఆపాలి. పరుగు లంకించుకున్నాను.

"ఏమైందండీ మీకు? నిన్న రాళ్లు, ఇవాళ రెక్కలా?"

"చలిగా ఉంది!"

"ఎండ మాడిపోతోందిగా!"

"అందుకే తొందరగా నడవాలి!"

ఐదూ నలభైకి కనుమ ఎక్కాను. ఫోను తీశాను. చచ్చిపోయి ఉంది. రాత్రంతా దీపం పెట్టుకున్నది నేనే కదా. మా ఆవిడ ఫోను ఇంట్లోనే ఉంది, కొండ మీద కూడా టార్పాలిన్ బేరాలు తన వల్ల కాదని వదిలేసి వచ్చింది. నా చేతి గడియారంలో ముల్లు ఆరు దాటుతుంటే, అక్కడ ట్రంకాలమ్మ నంబరు తిప్పుతున్నట్టు నాకు వినపడింది.

మూడో రోజు నుంచి నా బతుకు దొంగ బతుకైంది. గద్ద కనిపిస్తే పొద చాటుకి, తేనెటీగ ఝుమ్మంటే బండ కిందికి మా ఆవిణ్ణి లాక్కెళ్లాను. డేరా మీద గడ్డి కప్పుతుంటే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నారు?"

"చల్లగా ఉంటుందని."

"నిన్న చలన్నారు."

దళం ఎదురైతే ముందు నేనే దొరికి కాళ్లు పట్టుకోవచ్చని అందరికంటే ముందు నడిచాను. అందరూ అంటే ఇద్దరమే. ఆమె వెనకపడితే ఆలస్యమవుతుందని ఆమె సంచి కూడా నేనే మోశాను. రోజురోజుకీ ఆ సంచి బరువెక్కుతోందని అనుమానం వచ్చింది గానీ, పాపం చేసినవాడికి అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఐదో రోజు నాలుగున్నరకి రోడ్డు మీదికి దిగాం. ఆఖరి అడుగు వేసి మా ఆవిడ వెనక్కి తిరిగింది. కొండలన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, కళ్లు తుడుచుకుంది. నేను టీ కొట్టుకి పరిగెత్తి ఫోను అడిగి తీసుకున్నాను.

"అత్తయ్యా, నేనే! బతికే ఉన్నాం! దళాన్ని ఆపమనండి!"

"ఏ దళం, అల్లుడుగారూ?" అంది ట్రంకాలమ్మ తాపీగా. "ఐదింటికి చేస్తారనుకున్నా, ఇరవై ఐదు నిమిషాలు ముందే చేశారు. అమ్మాయి మోకాలు ఎలా ఉంది?"

నేను ఫోను కొట్టువాడికి ఇచ్చేసి వెనక్కి తిరిగాను. మా ఆవిడ తీరిగ్గా టీ తాగుతూ తన చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నీలం అక్షరాలు. నా దస్తూరీ. రెండో రోజు సాయంత్రం ఆరు.

డిపో పుస్తకంలో ఏం రాసినా కింద కార్బన్ పెట్టి రాయడం ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. పై కాగితం చింపి అత్తగారికిచ్చాను. కింది నకలు పుస్తకంలో, పుస్తకం మా ఇంట్లో టేబుల్ మీద.

"బయలుదేరే రోజు పొద్దున్నే చూశాను. అమ్మకి వెంటనే ఫోన్ చేసి టైము సరిచేశాను," అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నడిచేవారా?"

"నాలుగు రోజులు నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని..."

"నా సంచి కూడా పెట్టుకున్నారుగా. మూడో రోజు మోకాలు కాస్త పట్టేసిందండీ. ఆగుదామందామనుకునేలోపు మీరే సంచి లాక్కున్నారు. అందుకని డేరా మేకులు, గిన్నెలు కూడా అందులోనే సర్దేశాను." నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసింది. "ఎలా అయితేనేం, మాటయితే నిలబెట్టుకున్నారు. వచ్చే ఏడాది ఎనిమిది రోజులు. కాగితం నేను రాస్తాను."

ఇంటికి రాగానే ఆ నకలుకి ఫ్రేము కట్టించి హాల్లో, సరిగ్గా నా వీపంత ఎత్తులో తగిలించింది. అదీ సంగతి. ఇక మీరు టీ తాగేసి...

"ఏమండీ, కథ అయిపోయిందా? కాస్త పక్కకి జరగండి. పాపం, వాళ్లనీ చదువుకోనివ్వండి."

జరిగాను.