ఫుల్‌స్టాప్ దొరసాని

బిట్రగుంట రైల్వే కాలనీలో యెహోషువ దాచుకున్న రహస్యం ఒక్కటే. ఎసెల్సీ పాసయ్యానని చెప్పి జయశీలను పెళ్ళాడాడు. నిజానికి ఇంగ్లీషు మూడుసార్లు తప్పాడు.

అతను ఇంగ్లీషు నేర్చుకుంది పాతకాలపు ఇంగ్లీషు బైబిలు చదివి. పరీక్షలో హెడ్మాస్టరుకు సెలవు చీటీ రాయమంటే, "ఓ హెడ్మాస్టర్, వెరిలీ ఐ సే అంటు దీ" అని మొదలుపెట్టేవాడు. బోర్డువారికి ఆ భక్తి నచ్చలేదు.

1962 మార్చి పరీక్ష గట్టెక్కితేనే గుమాస్తా పని, లేకుంటే రిటైరయ్యేదాకా ఇప్పటిలాగే స్టేషన్లో పార్సిళ్ళు మొయ్యడమేనని ఆఫీసరు తేల్చేశాడు. ఇంట్లో చదివితే గుట్టు రట్టవుతుంది. అందుకని రోజూ సాయంత్రం చర్చిలో ఉపవాస కూటమని భార్యకు చెప్పి, మూతబడిన ఇంగ్లీషు మీడియం బడిలో దూరేవాడు.

ఆ బడివైపు పట్టపగలు మేకలు కూడా పోవు. అక్కడ పాఠం చెబుతూ ప్రాణం వదిలి దయ్యమైందంటున్న టీచరమ్మ పేరు కాలనీలో ఫుల్‌స్టాప్ దొరసాని. వాక్యం చివర చుక్క మరిచిన పిల్లల నెత్తిన బెత్తంతో పెట్టేదట ఆ చుక్క.

మొదటి వారం గబ్బిలాలు తప్ప ఎవరూ పలకరించలేదు. రెండో వారం, డెస్కులో దాచిన నోటుపుస్తకం తెరిచాడు. తను రాసిన బైబిలు 'దౌ'లన్నిటి మీదా ఎర్రసిరా గీతలు. పక్కన 'యూ'లు. ప్రతి వాక్యం చివరా ఎర్రటి చుక్క.

వేలితో తాకి చూశాడు. వేలికొస ఎర్రబడింది. సిరా ఇంకా ఆరలేదు.

సముద్రపు గాలి ఎప్పుడో పడిపోయింది. గోడమీది ప్రపంచపటం మాత్రం మెల్లగా ఊగుతోంది.

"ఏందండీ, అట్టా తెల్లబొయ్యుండారు?" అంది జయశీల, ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి.

"కూటంలో ఆత్మ దిగొచ్చింది."

"పరిశుద్ధాత్మేనా?"

"అడగలా."

మర్నాడు వెళ్ళకూడదనుకున్నాడు. పార్సిళ్ళు గుర్తొచ్చాయి. వెళ్ళాడు. పుస్తకంలో ఎర్రగా ఇంగ్లీషు హోంవర్కు కనిపించింది: 'భార్యకు చెప్పని సంగతి గురించి నూరు మాటలు రాయుము. అబద్ధమాడదలిస్తే ముందు వెనక్కి తిరిగి చూడుము.'

వెనక్కి చూడలేదు. చెమటలు కక్కుతూ నిజమంతా రాసేశాడు. ఆఖరి చుక్క మరిచిపోయాడు. వెనక బెంచీ మీద బెత్తం టపీమంది.

"స్టాండప్ ఆన్ ది బెంచ్!"

యెహోషువ కళ్ళు మూసుకుని బెంచీ ఎక్కాడు. "ఓ ఆత్మా, దేవుని పేరిట దూరముగా పొమ్ము!"

"పోతాలే. పొయ్యిమీద చేపల పులుసు పెట్టొచ్చినా."

కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాడు. ఎదురుగా బెత్తంతో జయశీల!

"నువ్వా! ఎనిమిదో తరగతి దానివి, నీకు ఇంగ్లీషెట్టా వచ్చింది?"

"అది మా నాయన మీవాళ్ళకు చెప్పిన తరగతి. పిల్ల మొగుడితో సమానంగా చదివుంటే సంబంధం తప్పిపోతదని భయపడినాడు. నాది ఎసెల్సీ, ఫస్టు క్లాసు. ఉపవాసమున్న మనిషి చొక్కా నిండా సుద్దపొడి ఏందా అని పోయిన వారమే వెంటొచ్చినా." ఆమె బెత్తం ఊపింది. "దిగబాకండి. ముందు ఆ చుక్క పెట్టండి."

ఆ జూన్‌లో యెహోషువ పాసయ్యాడు. ఎవరయ్యా నేర్పింది అని ఆఫీసులో అడిగారు. పెళ్ళామంటే పరువు తక్కువనుకుని, "ఫుల్‌స్టాప్ దొరసాని" అన్నాడు.

మర్నాటికల్లా, ఇంగ్లీషు తప్పిన పదకొండుమంది తమ పుస్తకాలు బడి డెస్కుల్లో పెట్టి, దండం పెట్టి, పరుగెత్తారు.

"జయా, ఎట్టాగైనా నువ్వే దిద్దాల" అన్నాడు యెహోషువ.

"నాకు వంటుంది. నా పేరు చెప్పడానికి నామోషీ అయితే దయ్యం పని మీరే చేసుకోండి." సిరాబుడ్డి చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం కాలనీవాళ్ళు బడి కిటికీలోంచి దయ్యాన్ని కళ్ళారా చూశారు. అది పంచె కట్టుకుని, చుక్క పెట్టినప్పుడల్లా వెనక్కి చూసుకుంటూ, వణికే గొంతుతో ఆంధ్ర క్రైస్తవ కీర్తన పాడుకుంటోందట.