బురుల్ మూట, సగిన్ గొర్రె

ఇస్సిక్-కుల్ సరస్సు మీద పొగమంచు ఇంకా విడలేదు. కొండలు నీళ్లలో నిద్రపోతున్నట్టున్నాయి. భర్త సగిన్ గురక పెడుతుండగానే బురుల్ పిల్లిలా గుమ్మం దాటింది. వీపున పువ్వుల గుడ్డలో కట్టిన మూట.

కీళ్లవాతానికి ఏళ్ల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలు ఆవిడ ఎముకల్ని గుల్ల చేస్తున్నాయి. "పడుకుంటే ఇంకా గుల్లవుతాయి. కాస్త బరువు మోస్తూ రోజూ నడవండి. లేదంటే ఓ తుమ్ముకే వెన్ను విరుగుతుంది," అంది పట్నం డాక్టరమ్మ. సగిన్ వింటేగా! "జబ్బు మనిషికి నడకేంటే? పడుకో!" అని దుప్పటి మీద దుప్పటి కప్పేవాడు. అందుకే ఈ దొంగ నడక.

దారి పొగమంచులో తేలుతోంది. నడిచేకొద్దీ కీళ్ల బిగువు సడలి, ఒళ్లు దూదిలా తేలికవుతోంది. మళ్లీ పెళ్లీడు వచ్చినట్టు, వెనక ఎవరో గుర్రం మీద వస్తున్నట్టు అనిపించింది ఆవిడకి.

పాలు పితుకుతున్న పొరుగింటి కాలిచా ఆ మూట చూసింది. ఆ ఊళ్లో ఆడది వేకువనే మూటతో వంతెన వైపు నడిచిందంటే ఒకటే అర్థం: మొగుణ్ణి వదిలి పుట్టింటికి పోతోంది. కాలిచా పాలు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

"సగిన్ బావా! అక్క వెళ్లిపోతోంది! ఏమన్నావేంటి?"

"నేనా? దుప్పటి కప్పాను, అంతే!"

"దుప్పటి కప్పితే ఎవరన్నా పోతారా?"

అరుపులకి ఊరు లేచింది. ఊరిపెద్ద ఒముర్జాక్ గుర్రమెక్కాడు. "ఉత్త చేతులతో పిలిస్తే ఏ పెళ్లాం తిరిగొస్తుందిరా? గొర్రెని పట్టు!"

వంతెన మీద బురుల్ వెనక్కి తిరిగి చూస్తే, నిజంగానే గుర్రాలు. హడావిడిలో సగిన్ చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. అతని జీను మీద అడ్డంగా గొర్రె.

"వచ్చెయ్యవే! ఏం కావాలన్నా అడుగు. అందరి ముందూ మాటిస్తున్నా!"

నిజం చెప్పబోయిన బురుల్ టక్కున నోరు మూసింది.

"రోజూ నడుస్తాను. ఈ మూటతోనే. నువ్వు ఆపకూడదు."

"ఆపను!"

"మాటంటే మాటే," అన్నాడు ఒముర్జాక్. వెనకే పరుగెత్తుకొచ్చిన కాలిచా ఉండబట్టలేక మూట విప్పింది. లోపల బట్టల్లేవు. గోధుమపిండి.

"పుట్టింట్లో పిండికి కరువొచ్చిందా అక్కా?"

"బరువు కోసమే. ఎముకలు గట్టిపడాలని."

సగిన్ మొహం వెలిగిపోయింది. "అయితే పోవట్లేదన్నమాట! గొర్రెని మందలోకి తోలేస్తా."

"రాజీకి తెచ్చిన గొర్రె మళ్లీ మందలో కలవదురా," అన్నాడు ఒముర్జాక్, కత్తి తీస్తూ.

మర్నాడు వేకువన బురుల్ మూట కట్టుకునేసరికి సగిన్ బూట్లు తొడుక్కుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు.

"నీ ఎముకలకేమొచ్చింది?"

"వాటికేం, దుక్కల్లా ఉన్నాయి. నువ్వు ఒక్కదానివే మూటతో కనబడితే, రోజుకో గొర్రె చొప్పున నా మంద గుల్లవుతుంది."