మూడు తరాల శాకాహారం

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మన ఇంట్లో మూడు తరాలుగా నీచు ముట్టలేదు!"

జనగామ తాలూకా ఆఫీసులో గుమాస్తా అయిన మావారు ఉపేందర్ గారు ఒక ఆదివారం పొద్దున ఈ ఉత్తర్వు జారీ చేశారు. అప్పటికి పొయ్యి మీద యాటకూర సగం ఉడికింది!

కారణం లేకపోలేదు. ఆఫీసులో పెద్దగుమాస్తా కుర్చీ ఖాళీ అయింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన తహసీల్దారు గారింట్లో ఉల్లిపాయకు కూడా ప్రవేశం లేదని వినికిడి. పొద్దున్నే ఆయన ఎదురుపడేసరికి మావారు మధ్యాహ్నం భోజనానికి పిలిచేశారు.

"మూడు తరాలా?" మా అత్తమ్మ మంగమ్మ నోరు తెరిచింది. "మీ నాయిన యాటకూర లేకుంటే అన్నం మీద అలుగుతుండె గదరా!"

"అవ్వా, జర ఊకో! ఇయ్యాల్టి సంది నాయిన శాకాహారి!"

"సచ్చినంక మారిండా బిడ్డా?"

కూర గిన్నె పక్కింటి రషీదా బేగం పొయ్యి మీదికి బదిలీ అయింది. మిగతా వంట నా శాఖ. కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించి, పిండి, చేదు దించాను. పచ్చిపులుసుకు మిరపకాయల్ని నూనెలో వేయించలేదు, నిప్పుల మీద కాల్చాను. ఆ కమురు వాసనే దానికి ప్రాణం. కందిపప్పు మెత్తబడ్డాకే చింతచిగురు నలిపి వేశాను. తొందరపడి ముందే వేస్తే పులుపుకు పప్పు బిగుసుకుంటుంది. తర్వాత ఏ అధికారి హుకుం ఇచ్చినా ఉడకదు!

తహసీల్దారు గారు ఒక్కరే వచ్చారు. "మా ఆవిడకు ఒంట్లో బాగాలేదండీ" అన్నారు గానీ, ముఖం వెలిగిపోతోంది! పీట మీద కూర్చుంటూనే "ఆహా, చింతచిగురు!" అని గిన్నె దగ్గరికి లాక్కున్నారు. గరిటతో అడుగు దాకా కలిపారు. పైకి తీసి చూశారు. మళ్లీ ముంచారు.

"ఏమన్న పడ్డదా సార్?" మావారు కంగారుపడ్డారు.

"అబ్బే... ఇది పప్పేనాండీ?"

"శుద్ధ పప్పు సార్! మూడు తరాలుగా మా ఇంట్ల..."

ఆయన ముఖం ఎండిన చిగురులా ముడుచుకుపోయింది.

భోజనం కాగానే మావారు తమలపాకుల కోసం బజారుకు పరుగెత్తారు. తహసీల్దారు గారు గొంతు తగ్గించారు.

"అమ్మా, ఇక్కడ చింతచిగురు మాంసంలో వేస్తారని విని ఎంతో ఆశగా వచ్చానండీ. మా ఇంట్లో మా ఆవిడ వెల్లుల్లి పేరు కూడా ఎత్తనివ్వదు."

అత్తమ్మ కరిగిపోయింది. "అయ్యో బిడ్డా! పొద్దుగాల వండిన యాటకూర గోడవతల్నే ఉన్నది. మా పిలగాడు ఇంట్ల లేనప్పుడు రా, కడుపునిండ పెడత."

"ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉంటారు కదండీ?"

"నువ్వు సారువి. ఎటన్న తోలు!"

వారం తిరక్కుండానే మావారికి కుర్చీ దక్కింది. దాంతోపాటు ఒక అదనపు బాధ్యత కూడా! మూడు తరాల శాకాహారి కనుక, ప్రతి ఆదివారం తహసీల్దారు గారింటి భజనకు హాజరై, అమ్మగారి చేతి ప్రసాదం స్వీకరించాలి. అంటే ఉప్పూకారం లేని సొరకాయ. మావారు కాదనలేక, ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్తున్నారు. వద్దనకముందే అమ్మగారు మారు వడ్డిస్తారట!

అదే వేళకు తహసీల్దారు గారు క్యాంపు పేరుతో బయల్దేరి, మా ఇంటికి వచ్చి, మావారి పీట మీదే కూర్చుంటున్నారు. మొన్న చింతచిగురు మాంసం మూడోసారి వడ్డించుకుంటూ మెచ్చుకోలుగా అన్నారు:

"మీవారిది గొప్ప నిష్ఠండీ! అలాంటివారిని చెడగొట్టకండి."