నవ్వుముఖం లేనిదే ప్రవేశం లేదు

మా కాలనీలో ఇకపై ఒంటరితనం ఉండబోదని సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది!

ఫిలింనగర్ కొండవాలున ఉన్న మా పార్కుకు ఆ రోజే ‘మానసిక ఉల్లాస వనం’ అని పేరు పెట్టారు. ఉల్లాసానికి భంగం కలగకుండా గేటుకు తాళం వేసి, ఆ తాళానికి భిక్షం అనే వాచ్‌మన్‌ను కాపలా పెట్టారు. పచ్చిక తొక్కరాదు, బిగ్గరగా నవ్వరాదు, బయటివారు రారాదు. ఇన్ని సౌకర్యాలు కల్పించాక ఉల్లాసం రాకేం చేస్తుంది!

రాలేదు. పైగా ఉన్న కాస్తా పోయింది.

తాళం పడకముందు మాట. మా ఎదురింటి శకుంతలమ్మగారు భర్త పోయాక మాట్లాడడం మానేశారు. “మందుబిళ్లలు తర్వాత, ముందు ఎవరితోనైనా రోజూ కబుర్లు చెప్పండమ్మా” అన్నాడు డాక్టరు. ఆవిడ పార్కులో మనిషి కోసం వెతికారు. కాలనీవాళ్లంతా చెవుల్లో వైర్లు పెట్టుకుని నడుస్తున్నారు. దొరికింది వెనకబస్తీ కొమురమ్మ ఒక్కతే. సినిమాల్లో పెళ్లికీ, చావుకీ గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు. షూటింగు లేని సాయంత్రం వేపచెట్టు కింద వాళ్లిద్దరూ నవ్వితే మా వంటింట్లోకి వినిపించేది.

కొమురమ్మ బయటి మనిషి కదా! ఉల్లాస వనం ఆమెను గేటు దగ్గరే ఆపేసింది. శకుంతలమ్మగారు మళ్లీ పట్టపగలే కిటికీ తెరలు దించేసుకున్నారు.

ఇంతలో ఒక సంస్థవారు ‘ఇరుగుపొరుగు ఆత్మీయత’ బహుమతికి పార్కులు చూడబోతున్నారని తెలిసింది. మా సంఘం అధ్యక్షుడు, ఒకప్పటి ప్రొడక్షన్ మేనేజరు అనంతపద్మనాభంగారు, అందరూ కదలి రావాలని వాట్సాప్‌లో పిలుపునిచ్చారు. అందరూ దండం బొమ్మలు పెట్టారు. వస్తామని ఒక్కరూ అనలేదు.

ఆయన చలించలేదు. ఫిలింనగర్‌లో మనుషులకు కరువా! జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకు ఫోన్ చేశారు. “ఆత్మీయంగా ఉండే కుటుంబాలు కావాలోయ్. కాస్త చదువుకున్న ముఖాలు పంపు.”

ఆదివారం వ్యాను వచ్చింది. ముందుగా దిగింది కొమురమ్మ! పట్టుచీర, కళ్లజోడు, రిటైర్డ్ లెక్చరరు వేషం. భిక్షం నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

“మొన్ననే గదరా నన్ను ఎల్లగొట్టినవ్!”

“మొన్న నువ్వు బయటిదానివక్కా. ఇయ్యాల రెసిడెంటువి. జర చూసుకొని దిగు.”

నేను పరుగున వెళ్లి శకుంతలమ్మగారిని లాక్కొచ్చాను. అనంతపద్మనాభంగారు అడ్డుపడ్డారు.

“ఏమనుకోకండమ్మా, మీ ముఖం కాస్త దిగులుగా ఉందండీ. బహుమతివాళ్లు వచ్చి వెళ్లేదాకా ఆ చెట్టు వెనక నిలబడండి.”

కొమురమ్మ కళ్లజోడు తీసేసింది. “గామె నా పక్కన కూసుంటెనే నేను నవ్వుత. లేకుంటె ఏడుస్త. నాకు నవ్వుకంటె ఏడుపు మంచిగొస్తది సార్!”

ఆయన హడలిపోయి స్వయంగా కుర్చీ వేశారు.

పరీక్షకులు రానే వచ్చారు. వాళ్లను చూసిందెవరు! శకుంతలమ్మగారు కొమురమ్మ చెయ్యి పట్టుకుని అడుగుతున్నారు: “ఇన్నాళ్లూ ఏమైపోయావే?”

“ఏం జెప్పాలమ్మా! సీరియల్ల ఒకసారి సచ్చిపోయిన. సిన్మాల నాలుగు పెండ్లిల్లు తిన్న. ఒక్కదాంట్లనన్న కూరల ఉప్పుండాలె గద!”

శకుంతలమ్మగారు పకపకా నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. పరీక్షకులూ తుడుచుకున్నారు. ఇంతటి సహజమైన ఆత్మీయత నగరంలో ఇంకెక్కడా చూడలేదట. ప్రథమ బహుమతి! అయితే ఒక్క షరతు. ఏడాదిపాటు చెప్పాపెట్టకుండా ఎప్పుడైనా వచ్చి చూస్తారట.

అధ్యక్షులవారు రాత్రికి రాత్రే కొత్త ఉత్తర్వు జారీ చేశారు. బస్తీవారు ప్రతిరోజూ తప్పక రావలెను. పచ్చిక మీదనే కూర్చోవలెను. కాలనీవారు మాత్రం నవ్వుముఖం ఉంటేనే రావలెను!

ఆ వారమంతా పార్కు తిరునాళ్లలా ఉంది. నాకు నవ్వుముఖం సహజంగానే ఉంది కనుక నేనూ పల్లీల పొట్లంతో లోపలే ఉన్నాను. ఒక సాయంత్రం గేటు దగ్గర గొడవ వినిపించింది. భిక్షం కర్ర అడ్డం పెట్టాడు.

“ముఖం జర సీరియస్‌గున్నది సార్. లోపటికి పోరాదు.”

“నేను ప్రెసిడెంటునోయ్!”

“ఆర్డరు మీదే గద సార్.”

అనంతపద్మనాభంగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “ఇంట్లో టీవీ తప్ప నాతో ఎవరూ మాట్లాడరోయ్. కాసేపు కూర్చుని పోతాను.”

భిక్షం కర్ర సగం దించి లోపలికి చూశాడు. వేపచెట్టు కింద నుంచి కొమురమ్మ కేకేసింది:

“రానియ్యిరా భిక్షం! బయటాయనే గానీ, మంచోడే!”