అరంగుళం వదలాలి

కత్తెర మాస్టారికి కారు కొనాలన్న బుద్ధి కాళ్ళనొప్పుల వల్ల పుట్టింది. ఆయన కాళ్ళు కావు లెండి, అత్తగారివి.

ఆవిడ మోకాళ్ళు మొరాయించి ఏడాదయింది. ఊరికి ఆ చివరనున్న చెల్లెలు కూడా ఇల్లు కదలలేని మనిషే. బస్సు మెట్లు ఈవిడ ఎక్కలేదు, వాకిలి మెట్లు ఆవిడ దిగలేదు. రోజూ ఫోనులో అక్కాచెల్లెళ్ళిద్దరూ "నువ్వు రావే" అంటే "నువ్వే రా" అని పోట్లాడుకుని, ఆఖరికి ముక్కులు చీదుకుని పెట్టేసేవారు.

అది వినలేక మాస్టారు, "వచ్చే ఆదివారం మన సొంత కార్లో తీసుకెళ్తా అత్తయ్యా" అని మాట ఇచ్చేశాడు.

అక్కడితో ఆగి ఉంటే మనం చెప్పుకోడానికేం లేదు. ఆ మర్నాడే తోడల్లుడు కొత్త కారేసుకుని దిగాడు.

ఆ తోడల్లుడిని ఇంట్లో అందరూ చాటుగా హారన్ అంటారు. వీధి మొదట్లో మోగించడం మొదలుపెడితే గుమ్మం దాకా వేలు తియ్యడు. కారు ఎర్రగా లక్కపిడతలా మెరిసిపోతోంది. టీ తాగినంతసేపూ ఇంటిల్లిపాదీ కిటికీలోంచి దాన్నే చూశారు. మాస్టారు తన చేత్తో కుట్టుకున్న కొత్త చొక్కా తొడుక్కుని ఎదురుగా కూర్చుంటే ఒక్కరు చూస్తే ఒట్టు!

హారన్ వెళ్ళీ వెళ్ళగానే ఆయన పెళ్ళాం దగ్గర చేరాడు. ఆవిడ మిషను పక్కన కూర్చుని కాజాలు కుడుతోంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన సుద్దతో గీసిన ప్రతి గీత వెంటా ఆవిడ సూది నడిచింది.

"మనమూ ఎర్రదే కొందామే."

"రంగు కొంటామా, కారు కొంటామా?"

"చూపుకి బాగుండొద్దూ? కోటు వేసుకున్నవాణ్ణి చూస్తారు గానీ, లోపలి లైనింగ్ ఎవడు చూస్తాడే?"

"వేసుకున్నవాడు చూస్తాడు. దురద పుట్టినప్పుడు."

"అందం అంటే నీకు లెక్కలేదు."

"అలాగా! మరి నన్ను చేసుకున్నప్పుడు మీరు అందం చూసే చేసుకున్నారా?"

ఔనంటే ఒక ముప్పు, కాదంటే ఇంకో ముప్పు. మాస్టారు గబుక్కున నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, నోరు ఖాళీ లేదని సైగ చేశాడు.

వీధి మలుపులో పాత కార్లు అమ్మే గ్యారంటీ ఉన్నాడు. ఏమడిగినా గ్యారంటీ అంటాడు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆయన దగ్గర వీళ్ళకి అందే బళ్ళు రెండే. ఒకటి ఎర్రది, నేలకి అతుక్కుపోయినట్టు ఉంటుంది. రెండోది ఉడికి చల్లారిన బఠాణీ రంగుది, బోర్లించిన గిన్నెలా పొట్టిగా, గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది.

దాన్ని చూడగానే మాస్టారికి గుండె జారింది. ఇలాంటి వికారమే తన ఇల్లాలికి నచ్చి తీరుతుందని ఆయనకి తెలుసు. అందుకే శనివారం మధ్యాహ్నం ఒంటరిగా వెళ్ళి గ్యారంటీ చెవిలో తన పథకం ఊదాడు. ఎర్రదాని ధర ఎక్కువ కనక గ్యారంటీ ఎగిరి గంతేశాడు.

"కానివ్వండి మాస్టారూ! మీ ఇంటావిడ దీన్ని చూసి మొహం తిప్పుకోడం నాది గ్యారంటీ."

మాస్టారు జేబులోంచి సుద్దబిళ్ళలు తీశాడు. బఠాణీ బండి ఒంటి మీద తెల్లదాంతో గీరుకుపోయిన గీతలు, ఇటుకరంగుదాంతో తుప్పు మరకలు. పనిమంతుడి చెయ్యి కదా, తలుపు మీద మొదలుపెట్టి డిక్కీ దాకా ఒళ్ళు మరిచి గీసుకుంటూ పోయాడు. అయ్యేసరికి ఆ బండి పది గొడవల్లో దెబ్బలు తిని వచ్చినట్టు తయారైంది.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. అత్తగారు చేతికర్రతో, కూతురి భుజం ఆసరాతో మెల్లగా మలుపు దాకా వచ్చింది.

ఇల్లాలు ఎర్రదాన్ని చూసి, "బావుందండీ" అంది. మాస్టారు అరడుగు పొడుగెదిగాడు.

"అమ్మా, ఎక్కి చూడు."

అత్తగారు తలుపు పట్టుకుని కూర్చోబోయింది. దిగుతోంది, దిగుతోంది, సీటు మాత్రం తగల్లేదు. "ఇంకా ఎంత దూరం ఉందే?" అంటూనే దభీమని లోపల పడింది. మోకాళ్ళు వచ్చి గడ్డానికి ఆనాయి.

"అల్లుడుగారూ, నన్ను కూర్చోబెట్టారా, మడతపెట్టారా?"

ఆవిణ్ణి బయటికి తియ్యడానికి ముగ్గురు కావలసి వచ్చారు.

తర్వాత బఠాణీ. తలుపు తెరిస్తే ఆవిడ ఇలా తిరిగి అలా కూర్చుంది. మోకాలు కిక్కురుమనలేదు. కాళ్ళు లోపల పెట్టుకుని, కర్ర పక్కన ఆనించుకుని, ఇక దిగనన్నట్టు కూర్చుంది.

"అత్తయ్యా, దిగండి! దాని ఒళ్ళు చూశారా? అన్నీ గీతలు, తుప్పు!"

"నేను లోపల కూర్చున్నాను కదా బాబూ, నాకెలా కనపడుతుంది? అది చూసేవాళ్ళ బాధ."

ఇల్లాలు మాత్రం బండి చుట్టూ తిరుగుతోంది. ఒక గీత దగ్గర వంగింది. ఇంకో గీత దగ్గర వంగింది. వెనక చక్రం దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత తాపీగా వచ్చింది.

"గ్యారంటీగారూ, ఇన్ని గీతలు పడ్డ బండికి ఇంత ధరా?"

"అబ్బే, అవి గీతలు కావమ్మా..." అనబోయి గ్యారంటీ నాలిక కరుచుకున్నాడు. మాస్టారి వంక చూశాడు. మాస్టారు ఆకాశం వంక చూశాడు.

"మరేమిటవి?"

"గీతలేనమ్మా."

"ఆ తుప్పు?"

"తుప్పే."

"గ్యారంటీయా?"

"గ్యా... రంటీ," అన్నాడు, ఏడుపు మింగుకుంటూ.

"అయితే తగ్గించండి."

తగ్గించక ఏం చేస్తాడు! ఎంత తగ్గిందంటే, సీట్లకి మంచి గుడ్డ కొనుక్కోడానికి కూడా మిగిలింది.

మాస్టారికి డ్రైవింగ్ ఎప్పుడో వచ్చు. దిగులుగా ఇంటి ముందుకి తెచ్చి ఆపాడు. ఇల్లాలు బకెట్టు, తడిగుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తుడవండి."

ఒక్క తుడుపుకి గీత మాయం.

"అరె! ఏం వింతే ఇది!"

"చాల్లెండి సంబడం. ప్రతి గీత చివరా ఆ చిన్న అడ్డగీత ఎవరిది? ఇక్కడితో కుట్టు ఆపమని నాకు పెట్టే గుర్తేగా?"

"అది... చెయ్యి అలవాటు."

"సరే, అదీ వదిలేద్దాం. ఇటు రండి." వెనక చక్రం పైన, కుట్టుకి ఎంత గుడ్డ వదలాలో బట్ట మీద రాసే మాటే, ముత్యాల్లాంటి ఆయన చేతిరాతలో ఉంది: అరంగుళం వదలాలి. "గీరుకుపోయిన ఏ కారు మీదైనా ఇలా రాసుంటుందాండీ?"

మాస్టారు తల వంచుకుని మిగతా గీతలన్నీ తుడిచి, ఆ రాత దగ్గరికి వచ్చాడు. లోపల్నుంచి అత్తగారు కర్రతో తలుపు మీద కొట్టింది. "మీ తగువు తర్వాత తీర్చుకోండి. అక్కడ మా చెల్లెలు ఎదురుచూస్తోంది."

నిజంగానే ఆ చెల్లెలు వాకిట్లో కుర్చీ వేయించుకుని, వీధికేసి కళ్ళప్పగించి కూర్చుని ఉంది. బండి ఆగి, తలుపు తెరుచుకుని, ఎవరి సాయం లేకుండా అక్కగారి కాళ్ళు నేలమీద ఆనేసరికి ఆవిడ రెండు చేతులూ చాచింది.

"అక్కా! ఎంత అందంగా ఉందే మీ కారు!"

బఠాణీ రంగుని అంత ముచ్చటగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. మాస్టారు కూడా వెనక్కి తిరిగి మరోసారి చూసుకున్నాడు. ఎండలో, తలుపు తెరుచుకుని, నిజమే, మరీ అంత తీసిపారెయ్యదగ్గదేం కాదు. లేత గోధుమరంగు సీటు కవర్లు పడితే ఇంకా బావుంటుంది. ఆయన వేళ్ళు అప్పుడే గాల్లో కొలతలు తీస్తున్నాయి.

ఇంతలో చెల్లెలు కళ్ళజోడు సవరించుకుంది. "ఆ చక్రం మీద రాసిందేమిటే? అరంగుళం వదలాలి?"

"అదా?" అంది అత్తగారు గర్వంగా. "మా అల్లుడి కుట్టు."

"కుట్టు కాదమ్మా," అంది ఇల్లాలు. "కుట్ర."

మాస్టారు చొక్కా జేబు తడుముకున్నాడు. తీరా అవసరానికి ఒక్క గుండుసూదీ లేదు.