దొర ఫట్‌ఫటికి బ్యాటరీ ఎప్పుడు మార్చాలి?

దొర ఫట్‌ఫటి మోటారుసైకిల్ లోపల ఒక డబ్బా ఉన్నదట. అందులో పిడుగు ముక్కను పట్టి బంధించారట. ఆ పిడుగు మొన్న ఆదివారం చచ్చిపోయిందట. మూడేళ్ళ కింద ఈ సంగతి పక్కింటి పిచ్చమ్మ సుందరమ్మకు చెబితే, సుందరమ్మ నారుమడి గట్టు మీదికొచ్చి జానమ్మకు చెప్పింది. జానమ్మ మొగుడు ఉప్పలయ్య విని నడుం పట్టుకున్నాడు. నొప్పి అప్పటికింకా రాలేదు. వస్తుందని తెలుసు.

పాఠకులు జాలిపడొద్దు. చచ్చిన బ్యాటరీ వల్ల కలిగే మేలు తెలిస్తే, ప్రాణమున్న బ్యాటరీని ఎవరూ గడప తొక్కనివ్వరు!

సూర్యాపేటలో మోటార్లు బాగుచేసే ముత్తయ్య వచ్చి, బ్యాటరీ ఎప్పుడు మార్చాలో దొరకు గుర్తులు చెప్పాడు. హారన్ గొంతు పూడుకుపోతుంది. లైటు మిణుకుమిణుకుమంటుంది. కిక్కు ఎంత కొట్టినా ఇంజన్ పలకదు. చిలుకూరు పక్కనున్న ఈ ఊరి దొర బండికి ఈ గుర్తులన్నీ ఉన్నాయి.

దొర సావధానంగా విన్నాడు.

"హారన్‌కు గోపయ్య ఉన్నడు. లైటుకు బుచ్చయ్య ఉన్నడు. నూకనీకి ఉప్పలయ్య ఉన్నడు. ఇగ బ్యాటరీ ఎందుకురా?"

ముత్తయ్య సామాన్ల సంచీ సర్దుకుని సూర్యాపేట దారి పట్టాడు.

ఆనాటి నుంచి గోపయ్య బండి ముందు "జరుగుండ్రి, దొరొస్తుండు" అని అరుస్తూ ఉరికాడు. పొద్దుగూకితే బుచ్చయ్య లాంతరు పట్టుకుని ఉరికాడు. బుచ్చయ్యకు ఆయాసం. అందుచేత బండి వేగం బుచ్చయ్య వేగాన్ని ఎన్నడూ దాటలేదు. మూడేళ్ళలో ఒక్క కోడిపిల్ల దాని కింద పడలేదు. ఏ కంపెనీ బ్యాటరీ ఇంత భద్రత ఇచ్చింది?

ఇక ఉప్పలయ్య సంగతి. అతనూ మరో ముగ్గురూ దొర ఉండే గడి ముందు నుంచి ఊరి చివరిదాకా బండిని నూకితే ఇంజన్ ఒకసారి తుమ్మి లేచేది. వెట్టి కాబట్టి కూలి ఊసు లేదు. అయితే దొర కోదాడలో దిగితే ఇంజన్ ఆగుతుంది. మళ్ళీ నూకేదెవరు? కనుక కోదాడ ప్రయాణమైతే నలుగురూ కోడి కూయకముందే నడిచి వెళ్ళి అక్కడ సిద్ధంగా ఉండాలి. మిర్యాలగూడ అయితే సద్ది కట్టుకుని ముందురోజే బయలుదేరాలి. దుమ్ముకొట్టుకున్న నలుగురు మనుషులు అరుగు మీద కూలబడితే, రేపు దొర మోటారు మీద వస్తున్నాడని మిర్యాలగూడ వాళ్ళకు తెలిసిపోయేది. టపా కన్నా నమ్మకం!

కొన్ని నష్టాలు లేకపోలేదు. పోయినేడు దొర మిర్యాలగూడలో పెళ్ళికి ఎనిమిది రోజులున్నాడు. ఉప్పలయ్య కూడా ఉన్నాడు. తిరిగొచ్చేసరికి కుంట కింద అరెకరానికి పోసుకున్న నారు ముదిరి మోకాలు దాటింది. నాటితే తాలు పండింది. ఆ ఏడు ఇంట్లో జొన్న గట్క కూడా వంతులేసుకుని తాగారు.

ఈ ఏడు మళ్ళీ నారు ఎదిగింది. మళ్ళీ మిర్యాలగూడ కబురొచ్చింది.

"దొర బండికి పాణం పోసి రా," అంది జానమ్మ, నారు కట్టలు కడుతూ. "గీ నారుకు ఎవలు పోస్తరో గది గూడ దొరనే అడిగి రా."

ఉప్పలయ్య ఆ కట్టలను మడి గట్టుకు చేర్చాడు. ఆ సాయంత్రం ఊళ్ళో రైతుల సంఘం కూర్చుంది. ఇక ఎవరూ వెట్టికి పోవద్దని అనుకున్నారు. ఉప్పలయ్య అందరికన్నా ముందు చెయ్యెత్తాడు.

మర్నాడు దొర గడి ముందు కిక్కు కొట్టాడు. చెప్పు తెగేదాకా కొట్టాడు. గోపయ్య అరవలేదు, బుచ్చయ్య ఉరకలేదు. బండి చల్లబడుతుందేమోనని దొర డబ్బాలో మజ్జిగ కూడా పోసి చూశాడు. చివరికి తనే బండిని నూకుతూ కుంట దాకా వచ్చి, కబురందుకుని ఎదురొచ్చిన ముత్తయ్య ముందు స్టాండు వేశాడు.

ముత్తయ్య డబ్బా విప్పాడు. లోపల బూడిద లాంటి మడ్డి, దాని మీద వెన్న.

"నిన్నటిదాక మంచిగ నడిసింది గదరా," అన్నాడు దొర, కండువాతో మొహం తుడుచుకుంటూ. "ఒక్క రాత్రిల ఎట్ల సచ్చింది?"

గట్టు పక్క మడిలో ఉప్పలయ్య వంగి నాటు వేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"అది సచ్చి మూడేండ్లయింది దొరా. నిన్నటిదాక నడిసింది మేము."